కొంగు కింద నాలుగు వేళ్ళు

బేరమాడడంలో అమీర్‌పేట మొత్తమ్మీద నన్ను మించిన మనిషి ఆ రోజుల్లో లేదు. కూరగాయల బండి దగ్గరా, ఆటో దగ్గరా ఎవరైనా ఆడతారు. అది విద్య కాదు. పంజగుట్టలో ఆసుపత్రికి వెళ్ళి, నరాల పరీక్ష గది ముందు నిలబడి, రెండు చేతులకు చెయ్యవలసిన పరీక్షను ఒక చేతికి కుదించి, సగం డబ్బు మిగుల్చుకుని, పైన కొసరు కూడా పుచ్చుకుని వచ్చినవాళ్ళను మీరెక్కడైనా చూశారా? నేను వచ్చాను. అంత తేలిగ్గా ఎలా కుదిరిందంటారా? ఆ చెయ్యి నాది కాదు.

నవ్వండి, ఫరవాలేదు. ఈ కథను నేను కూడా చాలామంది ఇళ్ళలో నవ్వుతూనే చెప్పాను. కొసరు దగ్గర ఆపేస్తాను. అక్కడ ఆపితే మంచి హాస్యం. ఆ తరవాతి భాగం ఇన్నేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. తూకంరాళ్ళ మధ్య పుట్టి పెరిగినదాన్ని. బెల్లం దిమ్మయినా, చింతపండు బుట్టయినా చేత్తో ఎత్తి బరువెంతో చెప్పేసేదాన్ని. ఈ ఒక్క బరువే ఎంతో తెలియకుండా మోస్తున్నాను. ఇవాళ మీ ముందు దించుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఈ సరుకుకి అంతకన్నా మంచి గిరాకీ దొరకదు.

మా నాన్నకు బేగంబజారులో టోకు దుకాణం. ఆయన దళారులతో నోటితో ధర మాట్లాడేవాడు కాదు. భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పేవాడు. దాని కింద ఎదుటివాడి వేళ్ళు పట్టుకునేవాడు. ఎన్ని వేళ్ళు ఒత్తితే అంత ధర. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ఒక్కరికీ అంతుపట్టేది కాదు. పైన ఇద్దరూ వానల గురించి మాట్లాడుకునేవారు, కింద వేళ్ళు పోట్లాడుకునేవి. నాకు అక్షరాలకన్నా ముందు వచ్చిన విద్య అది. "నోరు అబద్ధమాడ్తది బిడ్డా, వేళ్ళు ఆడవు" అనేవాడు నాన్న. ఆ మాట తప్పని చూపించడానికి ఆయన కన్న కూతురే కావలసివచ్చింది.

పెళ్ళయ్యాక అమీర్‌పేటలో నేనే ఒక దుకాణం పెట్టాను. చీరల ఫాల్సు, మ్యాచింగ్ గుడ్డలు, పెళ్ళి జాకెట్ల మీద మగ్గం పని. ఎనభైల నాటి మాట. ఆ వీధిలో ఇంకా కంప్యూటర్ల ఊసు లేదు. మా పై అంతస్తులో టైపు నేర్పే చోటొకటి ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా నెత్తి మీద టకటకలే. ఆ టకటకల కింద, వెనకగదిలో, మగ్గం మీద వంగి జుబేదా కూర్చునేది.

జుబేదా నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. నేను ఆపా అనేదాన్ని, తను నన్ను సావుకారమ్మా అనేది. ఎల్లారెడ్డిగూడలో రెండు గదుల ఇల్లు, ఇద్దరు ఆడపిల్లలు, తాపీ పనిలో నడుం పడిపోయిన భర్త. ఆ నలుగురి అన్నమూ ఆమె కుడిచేతిలో ఉండేది. చెక్క చట్రానికి గుడ్డను తబలా తోలులా బిగిస్తారు. ఎడమచెయ్యి కిందనుంచి దారం అందిస్తుంది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంగి, కొక్కెం సూదితో పైనుంచి పొడిచి ఆ దారాన్ని లాగుతుంది. పూటలకు పూటలు అదే వంపు, అదే పోటు. ఆమె కుట్టిన నెమలికన్ను చూసి గిరాకీలు నోరెళ్ళబెట్టేవారు. వాళ్ళ నోరు తెరుచుకున్న కొద్దీ నేను ధర పెంచేదాన్ని.

వెనకగదిలో ఇంకో ముగ్గురు అమ్మాయిలుండేవారు. జుబేదాకు ఎంత ఇస్తున్నానో వాళ్ళకు తెలిస్తే రోజూ పంచాయితీ. అందుకని ఆమెకు మా నాన్న పద్ధతి నేర్పాను. తువ్వాలుకు బదులు నా చీర కొంగు. ఏటా పెళ్ళిళ్ళ కాలానికి ముందు, కొంగు కింద ఆమె కుడిచేతిని నా చేతిలోకి తీసుకునేదాన్ని. జాకెట్టుకు పాత రేటు మీద ఎన్ని రూపాయలు పెంచుతానో అన్ని వేళ్ళు, చూపుడువేలితో మొదలుపెట్టి వరసగా మెత్తగా ఒత్తేదాన్ని. చాలదనిపిస్తే ఆమె నా చెయ్యి గిల్లేది. అమ్మాయిలు "ఏం మంత్రమేస్తుండ్రు ఇద్దరు?" అని నవ్వేవారు. ఆ ముసుగు కింద మా ఇద్దరికీ ఒక స్నేహం కూడా ఉండేదని ఇప్పుడు రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ ఉండేది.

ఆ ఏడు నేను నాలుగు ఇవ్వడానికి సిద్ధపడ్డాను. మంచితనం కాదు. పంజగుట్ట చౌరస్తా దగ్గర కొత్తగా తెరిచిన దుకాణంవాళ్ళు ఆమె కోసం మనిషిని పంపారని విన్నాను. పైగా ఒక పెద్దింటి పెళ్ళికి నలభై జాకెట్లు ఒప్పుకుని ఉన్నాను. కొంగు కప్పాను. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు. నాలుగూ ఒత్తాను.

ఆపా ముఖం చిన్నబోయింది.

"రెండేనా సావుకారమ్మా? జర ఇన్సాఫ్ చెయ్యి. పిల్లలు పెద్దగైతుండ్రు."

నాలుగు వేళ్ళూ ఇంకా నా గుప్పిట్లోనే ఉన్నాయి. వాటిలో రెండింటికే నా ఒత్తిడి తెలిసింది. మిగతా రెండూ ఎవరివో అన్నట్టున్నాయి. ఆమె కొన్నాళ్ళుగా సూది జారవిడుస్తోందని, మాటిమాటికీ చేతిని థర్మామీటరు దులిపినట్టు దులుపుతోందని చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు అర్థమైంది. "కాదాపా, నాలుగు" అనడానికి ఎంతసేపు పడుతుంది? రెండు మాటలు. నా నాలుక చివర దాకా వచ్చాయా, అసలు రాలేదా? ఎన్నిసార్లు తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. గుర్తున్నది నేను పైకి అన్న మాట.

"సరే తియ్యి, నీ మొహం చూసి ఇంకొకటి."

అని చిటికెన వేలిని ఇంకోసారి ఒత్తాను. ఆ వేలికైతే తెలుస్తుందని అప్పటికే కనిపెట్టాను కదా.

మూడుకి కుదిరింది. "అల్లా నిన్ను సల్లగ సూడాలె" అంది. ఆ జబ్బును డాక్టరుకన్నా ముందు పట్టుకున్నది నేను. పట్టుకుని, దాని మీద జాకెట్టుకో రూపాయి మిగుల్చుకున్నాను.

మరుసటి వారం ఆమెను డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. పాపభీతి అనుకునేరు. నలభై జాకెట్లున్నాయి. పనిముట్టు మొరాయిస్తే బాగుచేయించుకోమా?

మా దుకాణానికి రెండు సందుల అవతల ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు. గుంటూరు వైపు మనిషి. అందరినీ గారు అనేవాడు, ఆపాను కూడా. ఆమె దానికే సగం కుదుటపడింది.

"ఏ వేళ్ళకండీ తిమ్మిరి?"

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరం వేలిలో సగం చూపించింది.

"మరి చిటికెన వేలు?"

"అది మంచిగున్నది సాబ్. అది పని చేయది గద, తిని కూసుంటది."

ఆయన నవ్వాడు. "నిద్రలో మెలకువ వస్తోందా?"

"రోజు. నిప్పుల వెట్టినట్టుంటది."

"లేచి ఏం చేస్తారు?"

ఆపా చేతిని దులిపి చూపించింది.

"ఆ దులపడంలోనే సగం జబ్బు తెలిసిపోయిందండీ జుబేదా గారూ" అన్నాడు. తరవాత కళ్ళు మూసుకోమన్నాడు. దూదిని పోగులా సాగదీసి ఒక్కో వేలి కొసనూ తాకాడు. తాకినప్పుడల్లా చెప్పమన్నాడు. చిటికెన వేలికి "ఆఁ" అంది. ఉంగరం వేలికి బయటి పక్క "ఆఁ" అంది. అదే వేలికి లోపలి పక్క ఏమీ అనలేదు. నడిమివేలికి అనలేదు. చూపుడువేలి దగ్గర కాసేపు ఆగి, "తాకిండ్రా సాబ్?" అని అడిగింది. నా కొంగు కింద చీకట్లో నేను చూసిందంతా ఆయన వెలుతురులో తెల్లటి దూదితో మళ్ళీ చూపిస్తున్నాడు. నేను గోడమీది కేలండరు చూస్తూ కూర్చున్నాను.

మణికట్టు నడుమ తన వేలితో టకటకా తట్టాడు. నడిమివేలి దాకా ఝుమ్మన్నదంది. రెండు చేతుల వీపులూ ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు నేల వైపు వేలాడేసి, ఒక నిమిషం అలాగే ఉంచమన్నాడు. నమస్కారాన్ని తిరగేసినట్టు.

"ఇదేం దువా సాబ్, ఉల్టా?" అంది ఆపా.

"ఉల్టాయే. కదలకండి" అన్నాడు వాచీ చూస్తూ. సగం నిమిషం కాకుండానే ఆమె "చీమలు, చీమలు" అని చేతులు విడదీసింది.

ఆఖరున బొటనవేళ్ళు పైకెత్తి నిలపమని, తను కిందికి నొక్కాడు. ఎడమది ఆగింది. కుడిది ఆగలేదు. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి నన్ను పిలిచి చూపించాడు. బొటనవేలి మొదట్లో ఉండే కండ ఎడమచేతిలో పొంగిన పూరీలా ఉంది. కుడిచేతిలో అదే పూరీ గాలి దిగడం మొదలుపెట్టింది.

"మణికట్టు దగ్గర ఒక ఇరుకు సందుంటుందండీ. వేళ్ళను వంచే తాళ్ళు తొమ్మిది, ఒక నరం, అన్నీ అందులోంచే పోవాలి. తాళ్ళు వాచాయి. నరం నలుగుతోంది."

"రంజాన్ల పత్తర్‌గట్టి బజారు లెక్క" అంది ఆపా.

"అచ్చం అంతే. చిటికెన వేలి నరానికి దారి వేరు, అందుకే దానికేం కాలేదు." అని, నవ్వు ఆపి, ఇద్దరికీ వినబడేలా చెప్పాడు. పంజగుట్టలో నరాలకు కరెంటు పరీక్ష చేస్తారు, రెండు చేతులకీ చేయించండి, పోల్చి చూడాలి. నరం కొద్దిగా నెమ్మదిస్తే చెక్కకట్టు, విశ్రాంతి. బాగా నెమ్మదిస్తే చిన్న ఆపరేషన్, ఆ సందు పైకప్పు తెరవడమే. "కానీ ఆ కండ కరిగిపోయాక చేస్తే తిమ్మిరి తగ్గచ్చు గానీ, కండ తిరిగి రాకపోవచ్చండీ. ఆలస్యం చెయ్యద్దు."

ఆలస్యం చెయ్యలేదు. మూడోనాడే పంజగుట్ట వెళ్ళాం. డబ్బు నేనే పెట్టుకుంటానన్నాను, అందుకే నోరు ఊరుకోలేదు. పరీక్ష చేసే ఆయన కళ్ళజోడు మీదుగా చీటీ చదివి రెండు చేతులకు ఎంతవుతుందో చెప్పాడు.

"చెడింది ఒక్క చెయ్యి గద సార్, రెండింటి పైసలెందుకు?"

"పోల్చడానికమ్మా."

"ఒక చెప్పు తెగితే రెండు చెప్పులు కుట్టిస్తమా?"

"ఇది చీరల దుకాణం కాదు తల్లీ."

"పొద్దుగాల మొదటి బేరం. బోణీ చెడగొట్టకుండ్రి."

వెనక బల్ల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వి, సరే, కుడిచెయ్యే చేస్తానన్నాడు. ఆయన ధర తగ్గించలేదు, సరుకు తగ్గించాడు. నా దుకాణంలో రోజూ నేను చేసే పనే అది. తెలిసి తెలిసీ గెలిచాననుకున్నాను. పైగా అలవాటు కొద్దీ "మరి కొసరు?" అన్నాను.

"కొసరుకి చిటికెన వేలు చూస్తాలే, పద" అన్నాడు.

ఇదిగో, నేను అందరికీ చెప్పే కథ ఇక్కడితో అయిపోతుంది. ఇక్కడ అందరూ పడి పడి నవ్వుతారు.

గదిలో ఆపాను పడుకోబెట్టి, వేలికి తీగల ఉంగరాలు తొడిగి, మణికట్టు మీద చల్లటి జిగురు రాసి, రెండు మొనల కడ్డీ ఆనించాడు. చిన్న కరెంటు దెబ్బ. వేళ్ళు వాటంతటవే ఎగిరాయి. "మా ఇంట్ల స్విచ్చు సుత గిట్లనే కొడ్తది" అంది ఆపా. పెట్టె మీద పచ్చటి గీత పాకుతూ పోయి, ఒక చోట గూని పడి, మళ్ళీ పాకింది. ఒక వేలికి ఆ గూని ఎత్తుగా, త్వరగా వచ్చింది. ఇంకో వేలికి ఎక్కడో దూరంగా, ఉందా లేదా అన్నట్టు వచ్చింది. ఏది ఏ వేలో నేను అడగలేదు. రిపోర్టు ఎల్లుండి వచ్చి తీసుకెళ్ళమన్నాడు.

ఎల్లుండి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆపా మగ్గం మీద ఉంది. పదకొండో జాకెట్టు. కిటికీలోంచి కాగితం ఇస్తూ ఆయన నన్ను గుర్తుపట్టాడు.

"మీరు అడిగిన కొసరే పనికొచ్చిందమ్మా. అదే చేతిలో చిటికెన వేలి నరం చక్కగా పరిగెడుతోంది. నడిమి నరం మణికట్టు దగ్గర చాలా నెమ్మది. ఎడమచెయ్యి చూడకపోయినా ఇందులో అనుమానం లేదు. ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి."

ఆ కొసరు లేకపోతే? ఒక్క చెయ్యే చేయించాం, సరిగా తేలలేదు అని నాకు నేను చెప్పుకోవడానికి ఒక సందు మిగిలేది. నా నోటితో అడిగి పుచ్చుకున్న కొసరే ఆ సందు మూసేసింది. ఏమీ తెలియక చేశాననే మాట నాకు ఈ జన్మలో లేదు.

బస్సెక్కకుండా పంజగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడిచాను. అబద్ధం చెప్పాలని నడవలేదు. నిజం. లెక్క వేస్తూ నడిచాను. ఆపరేషన్ అంటే కొన్ని వారాలు చెయ్యి కదపకూడదు. మగ్గం మీదున్నది పోగా ఇరవై తొమ్మిది జాకెట్లు మిగిలున్నాయి. ఆ పని పట్టే చెయ్యి ఊళ్ళో ఇంకొకటి లేదు. పెళ్ళి నెల రోజుల్లో. పెళ్ళివారికి మాట తప్పితే ఆ వీధిలో నా మొహం ఎవరు చూస్తారు? నెల రోజుల్లో ఏం మునిగిపోతుంది? ఇన్నాళ్ళు ఆగిన నరం ఇంకో నెల ఆగదా? ఇంకో లెక్క కూడా వేశాను, అది ఇప్పటిదాకా నాకు నేనే ఒప్పుకోలేదు. చెయ్యి బాగైతే, వేళ్ళకు స్పర్శ వస్తే, రేపు పంజగుట్ట దుకాణంవాళ్ళు ఎక్కువిస్తామన్నప్పుడు ఆ చెయ్యి లేచి వెళ్ళిపోదా? నడక పూర్తయ్యేసరికి లెక్క అబద్ధమై కూర్చుంది.

దుకాణంలోకి అడుగు పెట్టగానే ఆపా మగ్గం మీంచి తలెత్తింది. అమ్మాయిలు కూడా చేతులాపారు. పైన టైపు టకటకలు ఆగలేదు.

"ఏమన్నరు సావుకారమ్మా?"

"ఏం లేదాపా. నరాలు మంచిగున్నయంట. వాతమే."

"సచ్?"

"కాయితం చూస్తవా?"

కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆమెకు ఉర్దూ చదవడమే వచ్చు. ఆ సంగతి తెలిసే చాచాను.

ఆమె కాగితాన్ని ముట్టుకోలేదు. "నాకెందుకు? నీ నోటి మాటే నాకు రిపోర్టు" అంది. అని అమ్మాయిల వైపు తిరిగి, "కోతలు తప్పినయే!" అని, అందరికీ ఉస్మానియా బిస్కెట్లు తెప్పించింది. ఆమె డబ్బుతో. నేను రెండు తిన్నాను. చాయ్‌లో ముంచుకుని తిన్నాను. గొంతులో అడ్డం పడలేదు. ఈ సంగతి కూడా మీకు చెప్పాలి. పడలేదు.

మా దుకాణంలో ఎవరూ కొనని ఆవపిండి రంగు శాటిన్ తాను ఒకటుండేది. దాని నడుమనున్న అట్ట గొట్టంలోకి ఆ కాగితాన్ని చుట్టి దోపాను. పెళ్ళి అయ్యాక తీసి ఇస్తాననుకున్నాను. ఆలస్యంగా వచ్చింది ఆపా, లేదా పొరబాటు చదివాను ఆపా, ఏదో ఒకటి అందాం అనుకున్నాను.

నలభై జాకెట్లూ అయ్యాయి. పెళ్ళి అయింది. పెళ్ళివారు మెచ్చుకుని ఇంకో పెళ్ళి తెచ్చారు. ఒక నెల గడిచాక ఇచ్చే కాగితం వేరు, మూడు నెలలు గడిచాక ఇచ్చే కాగితం వేరు. మొదటిది తప్పు. రెండోది నేరం. రోజు గడిచిన కొద్దీ ఆ కాగితం ఖరీదు పెరుగుతూ పోయింది. నేనేమో ధర దిగాక కొందామని చూసే మనిషిని.

డాక్టరు ఒకసారి రోడ్డు మీద ఎదురుపడి, "జుబేదా గారి పరీక్ష ఏమైందండీ? రిపోర్టు తేలేదే" అని అడిగాడు. "వేరే చోట చూపించుకుంటుంది సార్" అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. రెండో అబద్ధానికి బేరమాడవలసిన అవసరం కూడా రాదు. మొదటిదానికి కొసరు అది.

ఆపా వాతానికి నూనెలు రాసుకుంది. వేడి ఇటుకతో కాపడం పెట్టుకుంది. తిమ్మిరి వేలికి సెగ తెలియక ఒకసారి బొబ్బ లేచింది. జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి చిన్న కూతుర్ని పిలిచేది. సూది పట్టాలంటే చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించుకునేది. బొటనవేలు పక్కకు ఒరిగి ఊరికే ఉండేది, చుట్టపుచూపుగా వచ్చినదానిలా. నెమలికళ్ళు వంకర పోయాయి. నేను ఏమీ అనలేదు. అనకపోవడం నా మంచితనమని అమ్మాయిలు చెప్పుకున్నారు. మరుసటి ఏడు కొంగు కింద బేరం జరగలేదు. ఆమె అడగలేదు.

ఏడాది దాటాక ఆమె పెద్ద కూతురు పట్టుబట్టి వేరే డాక్టరుకు చూపించింది. ఆపరేషన్ అయింది. నేను చూడ్డానికి వెళ్ళాను, బత్తాయిలు పట్టుకుని. బేరమాడకుండా కొన్న బత్తాయిలు. ఆ డాక్టరు నా ఎదురుగానే ఆమెను అడిగాడు, ఇంతకాలం ఎందుకు ఊరుకున్నావమ్మా, పరీక్ష చేయించలేదా అని.

"మా సావుకారమ్మ చేయించింది సాబ్, ఆమె పైసల్తోని. అప్పుడు మంచిగనే ఉండె. మిషిన్‌కు సమజ్ కాలేదో ఏమో."

నేను బత్తాయిలు బల్ల మీద సర్దుతున్నాను. ఒక్కొక్కటే. చాలాసేపు సర్దాను.

తిమ్మిరి పోయింది. మంటలు పోయాయి. కండ తిరిగి రాలేదు. కుర్ర డాక్టరు చెప్పినట్టే.

నాలుగు నెలల తరవాత ఆమె తన సొంత మగ్గం చట్రం అమ్ముతానని మా దుకాణానికి వచ్చింది. ఇంకెవరికైనా అమ్మొచ్చు. నా దగ్గరికి వచ్చింది. నవ్వుతూ కుడిచెయ్యి చాచి, "కొంగు కప్పు" అంది. వేలికి వంద చొప్పున అనుకున్నాం. నేను అయిదు వేళ్ళూ పట్టుకున్నాను. ఆ చట్రానికి అంత చెయ్యదు.

"అయిదు పట్టినవ్" అంది వెంటనే. "ఇప్పుడు మంచిగ తెలుస్తున్నది. నాలుగియ్యి, చాలు."

చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కొంగు కింద అలాగే ఉంచి, నా ముఖం చూసింది.

"ఒకటడుగుత, గుస్సా చెయ్యకు. ఆ ఏడు, నలభై జాకెట్లప్పుడు, నువ్వు ఎన్ని పట్టినవ్? నాకు రెండే తెలిసినయ్. ఇప్పుడు సోంచాయిస్తే, ఆ రెండు వేళ్ళు అప్పటికే సచ్చినయ్ గద. నువ్వు నాలుగు పట్టినవేమో?"

ఒక్క రూపాయి సంగతి అడుగుతోంది. ఆ ఒక్క రూపాయి ఒప్పుకుంటే చాలు, దాని వెనకే కాగితం బయటికి వచ్చేసేది. అంతకన్నా చవగ్గా బయటపడే దారిని నాకు ఇంకెప్పుడూ ఎవరూ ఇవ్వజూపలేదు.

"యాదికి లేదాపా" అన్నాను.

"అవ్, ఎట్లుంటది" అంది. ఎవరి తప్పో దాచినట్టు నా చేతిలోంచి తన చేతిని మెల్లగా తీసుకుంది. చట్రానికి నాలుగే పుచ్చుకుంది.

ఆ తరవాత ఆమెను రెండుసార్లు చూశాను, బస్సులో. టికెట్టు చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించుకుని, సిగరెట్టు పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. రెండుసార్లూ నేను ముందు స్టాపులోనే దిగిపోయాను.

ఆవపిండి రంగు తాను నా దగ్గరే ఉంది. ఒక పొద్దున బోణీ కాకముందే ఒకావిడ వచ్చి అదే కావాలంది. వెళ్ళగొట్టడానికి మూడింతలు చెప్పాను. ఒప్పేసుకుంది! అమ్మకానికి కాదన్నాను. బోణీ బేరాన్ని కాదనడం మా వంశంలో అదే మొదలు.

ఆమెకే చెప్పొచ్చుగా అంటారు. ఇల్లు తెలుసు. దూరం లేదు. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. "పోనీ సావుకారమ్మా, కిస్మత్" అంటుంది. క్షమిస్తుంది. నాకు భయం అదే. అంత చవగ్గా ఇస్తే నేను పుచ్చుకుంటాను. పుచ్చుకుని, ఆ కథను కూడా నలుగురి ఇళ్ళలో చెబుతాను. నా బుద్ధి నాకన్నా ఎవరికి తెలుసు? ఇలా చెప్పుకోవడం ధైర్యమా, ఇదీ ఒక బేరమేనా? తేలడం లేదు. ఈ పూట మాత్రం ఊపిరి కొంచెం కిందిదాకా వెళుతోంది. అంతే.

ఇక చివరి బిల్లు. ఈసారి తక్కెడ మీద వేలు పెట్టను.

నాకు మిగిలినవి: ఎడమచేతి పరీక్ష డబ్బు. నలభై జాకెట్లకు నలభై రూపాయలు. రెండు పెళ్ళిళ్ళ పేరు. రెండు బిస్కెట్లు. అమ్ముడుపోని తాను ఒకటి.

జుబేదాకు పోయింది: కుడిచేతి బొటనవేలు.